నాలుగో మనిషి

మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ అప్పుడప్పుడూ ఊరెళ్ళొస్తుంటాడు. అంటే ఉన్నచోటు నుంచి కదలడు. అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆగిపోతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి గానీ ఆ కళ్ళకి మనం కనిపించం. గ్లాసుడు నీళ్ళు తాగేంతసేపు అలా ఉండి, ఏమీ జరగనట్టు మళ్ళీ కలుపుకుంటాడు.

"వాడు ఊరెళ్ళాడు" అనేది మా అమ్మ. తిరిగొచ్చాక మా నాన్న, "ఏరా, ఊళ్ళో అంతా బాగున్నారా?" అని అడిగేవాడు. ఆ మాట తననెందుకు అంటున్నారో తమ్ముడికి తెలిసేది కాదు. అందరూ నవ్వుతున్నారు కదా అని వాడూ నవ్వేవాడు. నేను ఇంకో అడుగు ముందుకేసి, వాడు ఊరెళ్ళినప్పుడల్లా జుట్టులో చీపురుపుల్ల గుచ్చేదాన్ని.

ఇంట్లో వేళాకోళంగా పుట్టిన మాట ఇంట్లోనే పెరిగి పెద్దదైంది. జ్వరం లేదు, నొప్పి లేదు, పడిపోవడం లేదు. అది జబ్బని మాలో ఎవరికీ తోచలేదు. పెళ్ళై వచ్చిన మా మరదలు కూడా నెల తిరగకుండా ఆ మాటే పట్టుకుంది. మా అమ్మాయికి మాటలొస్తున్న రోజుల్లో "మావయ్య ఊలెల్లాడు" అని చప్పట్లు కొడితే ముద్దు పెట్టుకున్నవాళ్ళమే అందరం.

నేను లారీల స్టాండు వెనక రేకుల షెడ్డులో టార్పాలిన్ పట్టాలు కుడతాను. లోడు మీద కప్పే పట్టా తాడు ఒరిపిడికి చిరుగుతుంది, ఎండకి పెళుసెక్కుతుంది, ఎవరో పారేసిన సిగరెట్టుకి కన్నం పడుతుంది. చిరుగు మీద మాసిక వేసి, మైనం పట్టించిన దారంతో దబ్బనం పెట్టి కుట్టాలి. అది మావారి పని. ఆయన పోయాక దబ్బనం నా చేతికొచ్చింది. నాకున్నది ఒక్క కూతురు. అది రొట్టెల ఫ్యాక్టరీలో చిన్న వ్యాను నడిపేది.

ఒకరోజు ఫ్యాక్టరీ యజమాని వ్యాను అమ్మేస్తున్నానని, వేరే పని చూసుకోమని చెప్పాడు. సరుకుల గోడౌను సూపర్‌వైజరుకి మా అమ్మాయి నడక తెలుసు, అంటే బండి నడక. "పెద్ద బండి లైసెన్సు తెచ్చుకోమ్మా. వానలు పడేలోపు తెస్తే లారీ నడిపే పని నీ పేరున రాయిస్తా. ఆ తర్వాత నా చేతిలో ఉండదు" అన్నాడు.

లైసెన్సు కావాలంటే ముందు లారీ స్కూల్లో నేర్చుకోవాలి. స్కూలు ఓనరు చెప్పిన ఫీజు విని, ఇద్దరం లేచి గేటు వైపు నడిచాం. వెనక నుంచి ఆయనే పిలిచాడు.

"ఏమ్మా, మా పద్ధతి వినకుండానే పోతున్నారేంటి? లారీ క్యాబిన్లో వెనక బల్ల ఉంటుంది. ఒకరు నడుపుతుంటే మిగతావాళ్ళు కూర్చుని చూస్తారు. ఒకళ్ళున్నా ఐదుగురున్నా నాకు డీజిలు అంతే. ఫీజు కట్టే నలుగుర్ని తీసుకురా, ఐదో సీటు నీకు ఊరికే. కానీ ఒక్క మాట. ఆ నలుగురూ చివరిదాకా ఉండాలి. ఒకడు జారిపోయినా నీ సీటు పోయినట్టే. మధ్యలో మానేసినవాడికి సగం డబ్బు తిరిగిచ్చే పద్ధతి కూడా ఉంది నాకు. నా నష్టం నేను చూసుకోవాలి కదా."

మా అమ్మాయి వీధి వీధీ తిరిగింది. ఫ్యాక్టరీలో పిండి కలిపే అతను వస్తానన్నాడు. వెల్డరు భార్య వస్తానంది. కిటికీలకి అద్దాలు బిగించే అతను, వాళ్ళావిడ పోరు పడలేక ఒప్పుకున్నాడు. నాలుగో మనిషి దొరకలేదు.

మా తమ్ముడు బస్తాలు మోసేవాడు. గోడౌనుల్లో మెషీన్లు వచ్చాక వాడి ముఠాని చేతిలో కాస్త డబ్బు పెట్టి పంపించేశారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక రోజూ నా షెడ్డుకొచ్చి, నేను కుడుతుంటే పట్టా అంచు బిగబట్టుకునేవాడు. ఆ రోజు మా అమ్మాయి వచ్చి వాడి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"మావయ్యా, బస్తాలు మోసింది చాలు గానీ, బస్తాలు మోసేదాన్నే నడపరాదూ?"

"నడిపితే మీ అత్త నాకు భయపడుతుందా?"

"భయపడదు గానీ గౌరవం ఇస్తుంది."

"అయితే వద్దులేవే కోడలా. అలవాటు లేని తిండి పడదు నాకు."

నవ్వాడే గానీ వాడి కళ్ళు రోడ్డు మీద పోతున్న లారీ వెంట కొంచెం దూరం పోయాయి. మర్నాడు గోడౌనువాళ్ళు ఇచ్చిన డబ్బు తీసుకెళ్ళి ఫీజు కట్టొచ్చాడు. స్కూలు డాక్టరు కళ్ళూ చెవులూ చూసి, "ఏమైనా జబ్బులున్నాయా?" అని అడిగితే లేవన్నాడట. వాడు అబద్ధమాడలేదు. నన్నడిగినా అదే చెప్పేదాన్ని.

పాఠాలు మొదలయ్యాక నా షెడ్డులో వాళ్ళిద్దరి గొడవే. గేరు ఎప్పుడు మార్చాలి, మైదానంలో నిలబెట్టిన డ్రమ్ముల మధ్య నుంచి లారీని వెనక్కి ఎలా తీసుకురావాలి. ఖాళీ దారపు రీళ్ళు పేర్చి, నా అగ్గిపెట్టెని లారీ చేసి తిప్పేవాళ్ళు. నేర్పే ఆయనకి మా అమ్మాయి బ్రేకు గురువు అని పేరు పెట్టింది. లారీలో ఆయన కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఆ కాలు అక్కడి నుంచి తియ్యడట. నాకు చాలా రోజుల తర్వాత కడుపు నిండినట్టుండేది ఆ గొడవ వింటుంటే.

ఒక మధ్యాహ్నం స్కూలువాళ్ళ పట్టా ఒకటి బాగుచేసి ఇవ్వడానికి వాళ్ళ మైదానానికి వెళ్ళాను. తమ్ముడు నడుపుతున్నాడు. పక్కన గురువు, వెనక బల్ల మీద మిగతా నలుగురు. డ్రమ్ముల వరస దాటి లారీ నిదానంగా వస్తోంది. మైదానం చివర ప్రహరీ గోడ ఉంది, దానికి ముందే కుడివైపు తిప్పాలి. పట్టా నెత్తిన పెట్టుకుని చూస్తున్నాను. లారీ తిరగలేదు. వేగం పెరగలేదు, తగ్గలేదు. స్టీరింగు మీద వాడి చేతులు అలాగే ఉన్నాయి. అద్దంలోంచి వాడి మొహం కనిపించింది. అన్నం ముందు ఎన్నోసార్లు చూసిన మొహమే.

గురువు బ్రేకు తొక్కాడు. లారీ గోడకి చేతి దూరంలో కీచుమని ఆగింది. దుమ్ము లేచింది.

"ఏమయ్యా, గోడవతల మీ అత్తారిల్లు గానీ ఉందా?" అన్నాడు గురువు.

"నేను తొక్కబోతూనే ఉన్నానండీ. మీరే తొందరపడ్డారు" అన్నాడు తమ్ముడు, తడబడకుండా. వాడికి నిజంగా అలాగే అనిపించింది.

వెనక నుంచి మా అమ్మాయి నవ్వుతూ, "మావయ్య ఊరెళ్ళొచ్చాడు" అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే అది కిటికీలోంచి నన్ను చూసింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు. దాని నవ్వు మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఇంటికొచ్చాక అది కాళ్ళు కడుక్కోకుండా గడప మీదే కూర్చుంది.

"అమ్మా, నువ్వేం చెప్పబోతున్నావో నాకు తెలుసు. నన్ను చెప్పనీ. నా టెస్టు అయిపోనీ. ఆ తర్వాత మావయ్యకి నేనే చెప్తాను."

"ఈలోపు రోడ్డు పాఠం ఉందిగా."

"గురువు కాలు బ్రేకు మీదే ఉంటుంది కదమ్మా."

"రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్ళ కాలు ఎక్కడుంటుందే?"

అది కాళ్ళ దుమ్ము దులుపుకుంది. "వాడు మానేస్తే నా సీటు పోతుంది. ఇంకో నాలుగో మనిషి ఎక్కడా లేడు. వానలు దగ్గరికొచ్చేశాయి. వ్యాను రేపో మాపో పోతుంది. నీ చేతులు చూడు ఒకసారి" అంది. మావయ్యని ఏనాడూ 'వాడు' అనని పిల్ల. అన్నాక అదే తల దించుకుంది.

నా చేతులు చూసుకున్నాను. దబ్బనం గుచ్చీ గుచ్చీ వేళ్ళ కొసలు మొద్దుబారాయి. ఈమధ్య పొద్దున్నే గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. అది దానికి తెలుసని నాకు తెలీదు. చెప్పాలని ఉంది, చెప్పకూడదనీ ఉంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ రెండింటిలోనూ నావాళ్ళే ఉన్నారు. సరే అనలేదు నేను. కాదనీ అనలేదు. దీపం ఆర్పి పడుకున్నాం.

తెల్లారి తమ్ముడు షెడ్డుకి రాగానే నోటికొచ్చినట్టు చెప్పేశాను. ఒరేయ్, నువ్వు ఊరెళ్ళడం వేళాకోళం కాదురా, అది ఏదో జబ్బు, లారీ వద్దు, డాక్టరు దగ్గరికి పోదాం అని.

వాడు పట్టా అంచు సర్దుకుంటూ నవ్వాడు. "నేనెక్కడికెళ్తానక్కా? ఆ మాట మీరు నన్నేడిపించడానికి పెట్టారు. ఇన్నేళ్ళూ పడ్డాను. ఇప్పుడు దాన్ని జబ్బు చేశారా?"

"నిన్న గోడ దగ్గర..."

"గోడ దగ్గర బ్రేకు తొక్కబోయాను. గురువు ముందు తొక్కాడు. నీ కళ్ళకి అది జబ్బులా కనబడిందా?" నవ్వు పోయింది వాడి మొహంలో. "ముఠాలో అందరికంటే ముందు నన్నే తీసేశారు తెలుసా నీకు? బస్తా భుజాన పెట్టుకుని మధ్యలో నిలబడిపోతానట. సోమరిపోతునట. వాళ్ళన్నారంటే అర్థముంది. నువ్వు కూడానా అక్కా?"

వాడు వెళ్ళిన ఊరి గురించి వాడొక్కడికే తెలీదు. మేమందరం చూశాం గానీ వాడెప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని ఎలా నమ్ముతాడు? వాడికి కనిపించేది ఏదైనా చూపించాలి.

ఆ రోజు నుంచి నేను పని చేస్తున్నట్టే ఉంటూ వాడి కోసం కాచుకున్నాను. దబ్బనంలో దారం ఎక్కించి, చివర ముడి వేసి, ఒళ్ళో పెట్టుకుని వాడితో మాట్లాడేదాన్ని. వాడు బాగుండాలని కోరుకునే నోటితోనే, దేవుడా, ఒక్కసారి వీణ్ణి ఊరు పంపించు అనుకున్నాను. రాదే. అవసరం లేనప్పుడు వందసార్లు వచ్చింది, అవసరమొచ్చాక మొహం చాటేసింది. నిజంగా నా భ్రమేనేమో, గోడ దగ్గర వాడు బ్రేకు తొక్కబోయాడేమో అని కూడా అనిపించింది. అలా అనిపించినప్పుడు ఎంత హాయిగా ఉండేదో.

రోడ్డు పాఠానికి ముందు రోజు వచ్చేసింది. ఎండకి రేకులు చిటచిటమంటున్నాయి. తమ్ముడు నాకెదురుగా కూర్చుని, పట్టా అంచు రెండు చేతులా పట్టుకుని, మా మరదలు ఇప్పటి నుంచే లారీలో కట్టడానికి కర్టెన్లు చూస్తోందని చెబుతున్నాడు.

"నేనన్నాను, ఒసే, అది నా లారీ కాదే, కంపెనీదే అని. అంటే ఏమంటుందీ, నువ్వు కూడా ఇదివరకు మీ అమ్మ..."

మాట అక్కడ తెగింది. చేతులు పట్టా మీదే ఉన్నాయి. కళ్ళు నా వెనకున్న రేకు మీద ఆగాయి.

నేను దబ్బనం తీశాను. వాడి చొక్కా చేతి అంచు కింద నుంచి పొడిచి, పట్టాలోంచి పైకి లాగాను. ఇంకో కుట్టు వేశాను. గట్టిగా లాగి, దబ్బనం వదిలేశాను. తలెత్తితే షెడ్డు గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఉంది, చేతిలో నాకోసం తెచ్చిన రొట్టె పొట్లంతో. అది అంతా చూసింది. కదల్లేదు.

"...వస్తువే కదా అంది" అన్నాడు తమ్ముడు, నవ్వుతూ. తల గోక్కోబోయి చెయ్యెత్తాడు. చేతితోపాటు పట్టా లేచింది.

విదిలించాడు. రాలేదు. దగ్గరికి తెచ్చుకుని చూశాడు. కుట్టుని వేలితో తడిమాడు. మైనం ఇంకా మెత్తగానే ఉంది.

"ఎప్పుడు కుట్టావక్కా?"

"ఇప్పుడే. నువ్వు మరదలి సంగతి చెబుతుంటే."

"నేను చూడలేదే?"

"చూడలేదురా."

చాలాసేపు వాడు ఆ దారం వంకే చూశాడు. బయట ఒక లారీ స్టార్టయి వెళ్ళిపోయింది.

"చిన్నప్పుడు నా జుట్టులో పుల్లలుండేవి" అన్నాడు. "చెట్టు కింద ఆడినప్పుడు పడ్డాయనుకునేవాణ్ణి." దారాన్ని ఇంకోసారి తడిమి, "పిల్లల్ని స్కూటరు మీద తిప్పుతాను నేను. ఇద్దర్నీ" అన్నాడు.

నేను వాడి మోకాలి మీద చెయ్యి వేశాను. వాడు తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

"గోడ దగ్గర కూడా ఇంతేనా?"

"ఇంతే."

"కోడలికి తెలుసా?"

నేను నోరు తెరిచేలోపు గుమ్మంలోంచి అది, "తెలుసు మావయ్యా" అంది. "గోడ దగ్గరే తెలిసింది."

వాడు దాని వైపు తిరిగాడు. పట్టా కూడా తిరిగింది. మామూలుగా అయితే ముగ్గురం పడి పడి నవ్వేవాళ్ళం.

"మరి చెప్పలేదేమే?"

అది పొట్లం కింద పెట్టి, నా కత్తెర తీసుకుని, వాడి ముందు కూర్చుని కుట్లు కత్తిరించడం మొదలుపెట్టింది. చొక్కా తెగకుండా ఒక్కొక్క పోగే తీసింది. అదయ్యాక వాడు లేచి, స్కూటరు తోసుకుంటూ ఇంటికి నడిచి వెళ్ళాడు. ఎక్కలేదు.

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి నాతో, "స్కూలుకెళ్ళి నా సీటు వద్దని చెప్పొస్తాను. నువ్వు కూడా రా" అంది. వెళ్ళేసరికి తమ్ముడు అప్పటికే ఓనరు ముందు నిలబడి ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పేసినట్టున్నాడు. ఓనరు నుదురు రుద్దుకుంటున్నాడు.

"నిజం చెప్పావు, మంచిది. నీ చేతికి స్టీరింగు ఇక ఇవ్వను. సగం డబ్బు తీసుకుని వెళ్ళు. కానీ మీ కోడలి సీటు మాత్రం..."

"వెళ్తానని ఎవరన్నారండీ?" అన్నాడు తమ్ముడు. "నలుగురూ చివరిదాకా ఉండాలన్నారు. నడపాలని అనలేదుగా. నేను ఫీజు కట్టిన మనిషిని. రోజూ వస్తాను, వెనక బల్ల మీద కూర్చుంటాను, చూస్తాను."

"చూడ్డానికి అంత డబ్బు పెడతావా?"

"జనం సినిమాలకి తగలెయ్యట్లేదా?"

ఓనరు మా వైపు చూశాడు, వాడి వైపు చూశాడు. "సగం వెనక్కి రాదు మరి. తర్వాత వచ్చి అడిగితే లాభం లేదు" అన్నాడు. వాడు తలూపాడు.

నేను వాణ్ణి పక్కకి లాగాను. "ఒరేయ్, నీకు పని లేదు. ఆ సగమైనా ఇంట్లో ఉంటే మందులకి పనికొస్తుంది. మరదలికి ఏం చెబుతావు?"

"ఇంకా చెప్పలేదు. నువ్వే చెప్పక్కా. గుచ్చడం నీకు చేతనవును" అన్నాడు. కోపంతో అనలేదు. కోపంతో అన్నా బాగుండేది.

మా అమ్మాయి గేటు దగ్గరే నిలబడిపోయింది. "నేనెక్కను" అంది.

"ఎక్కు కోడలా."

"నీ డబ్బుతో ఎక్కను మావయ్యా. నేను నీకు చెప్పకుండా..."

"తెలుసు. అది నాకు ఇప్పుడప్పుడే పోదు" అన్నాడు వాడు, సూటిగా. "కానీ నువ్వెక్కకపోతే నా డబ్బు పోతుంది, నీ లారీ పోతుంది, మీ అమ్మ చేతులూ పోతాయి. ఇంట్లో ఒక్కరైనా ఏదైనా నడపాలి కదా. ఎక్కు."

పిండి కలిపే అతనూ, వెల్డరు భార్యా, అద్దాల అతనూ ముందే ఎక్కి కూర్చున్నారు. వాళ్ళకేమీ తెలీదు. "ఏంటి బాబాయ్, ఇవాళ ముందు నువ్వేనా?" అని అద్దాల అతను పైనుంచి అడిగాడు. "నా వంతు నా కోడలికిచ్చేశాను" అన్నాడు తమ్ముడు. మెల్లగా బల్ల మీదికి ఎక్కి, వెనక అద్దం పక్కన సర్దుకున్నాడు. మా అమ్మాయి ఎవరి మొహమూ చూడకుండా స్టీరింగు ముందు కూర్చుంది. గురువు తన బ్రేకు మీద కాలు పెట్టుకున్నాడు.

లారీ కదిలింది. అది తిప్పిన తీరు చూసి నా గుండె నిండాలి. నిండలేదు. సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి వాణ్ణి. అంతకు ముందు మరదలి గుమ్మం ఎక్కాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో ఎంత వెతికినా, మా ఇంట్లో దానికి ఉన్న మాట ఆ ఒక్కటే.

లారీ గేటు దాటి రోడ్డు మీదికి తిరుగుతుంటే, వెనక అద్దంలోంచి తమ్ముడు నా కోసం చెయ్యి ఎత్తాడు. నేనూ ఎత్తాను. లారీ మలుపు తిరిగేదాకా వాడి చెయ్యి అలాగే ఉంది, దించలేదు. నన్నే చూస్తున్నాడో, అక్కడ లేడో, అంత దూరం నుంచి నాకు తెలియలేదు.